మొదటి రోజే క్వింటాలు బస్తా

2024 అక్టోబరు నెల. జమ్మికుంట మార్కెట్టుకు కొత్త పత్తి రావడము అప్పుడే మొదలైంది. మార్కెట్టు గేటు ముందు ట్రాక్టర్లు, వ్యానులు వరుస కట్టి నిలిచి ఉన్నవి. ఒక రాత్రి తొమ్మిదిన్నరకు, మేము ప్రార్థన ముగించి అన్నాలకు కూర్చుంటుండగా హైదరాబాదు నుండి మా పెద్దవాడు ఫోను చేశాడు.

"అమ్మా, ఒంటేలుకు పోతే నల్లగొస్తున్నది, డికాషన్ లెక్క. తొడలు వాచినయ్. మెట్లు దిగరావట్లేదు" అన్నాడు.

కంచాలు అలాగే వదిలి లేచాము. జ్వరమా అని అడిగితే లేదన్నాడు. ఎక్కడైనా పడ్డావా అంటే అదీ లేదు. చివరకు బయటపడిన సంగతి ఏమిటంటే, మూడు రోజుల క్రితము వాడు జిమ్ములో కొత్తగా పెట్టిన ఒక క్లాసుకు వెళ్ళాడు.

చదువరులకు ఒక మాట ముందే ఒప్పుకోవాలి. జిమ్ముకు వెళ్ళమని వాణ్ణి పోరింది మేమే. ఇరవై అయిదేళ్ళవాడు, దినమునకు పదీ పన్నెండు గంటలు కంప్యూటరు ముందు కూర్చునేవాడు, ఎనభై ఎనిమిది కిలోలకు వచ్చాడు. సంబంధాలు చూస్తున్న రోజులు. మా ఇద్దరిలో ఒకరికి షుగరు, ఇంకొకరికి బి.పి. ఈ రెండూ వాడికి ఆస్తిగా ఇవ్వకూడదని మా ఆరాటము. ఆ సంవత్సరము జూలై, ఆగస్టు నెలలలో పారిస్ ఒలింపిక్స్ జరిగాయి గదా. అవి ముగిసిన తరువాత ఆ జిమ్మువారు అంతర్జాతీయ క్రీడాకారుల పద్ధతిలో శిక్షణ అని పెద్ద బోర్డు పెట్టారట. మొదటి క్లాసు ఉచితము. వాడు ఆ బోర్డు ఫోటో మాకు పంపితే, మంచిది, వెళ్ళు అని మేమే జవాబు ఇచ్చాము.

ఆ క్లాసులో ఏమి చేయించారో తరువాత వివరముగా చెప్పాడు. ముప్పై మందిదాకా ఉన్నారు. చెవులు పగిలే పాటలు. గోడకు ఒక బోర్డు, దాని మీద ఎవరు ఎన్ని నిమిషాలలో ముగించారో పేర్లతో సహా వ్రాస్తారు. పడవ నడిపినట్టు లాగే యంత్రము, ఇనుప దిమ్మలు పెట్టిన బండిని తోయడము, ఇసుక సంచి భుజాన వేసుకొని మోకాలు వంచుతూ నడవడము, ఆ తరువాత బరువు పట్టుకొని వంద సార్లు కూర్చొని లేవడము. అనగా మన బడులలో గుంజీలే, చేతిలో బరువుతో. ఇంటర్మీడియట్‌లో వాలీబాల్ ఆడిన తరువాత మా వాడు ఒళ్ళు వంచింది లేదు. అరవై దగ్గరే కాళ్ళు వణికాయట. కానీ పక్కనున్నవారెవ్వరూ ఆగలేదు, ట్రైనరు చప్పట్లు కొడుతున్నాడు, బోర్డు మీద పేరు పడాలి. వంద పూర్తి చేశాడు. ఆ రాత్రి ఆ బోర్డు ఫోటో కూడా మాకు పంపాడు. మేము దానిని బంధువులకు చూపించుకొని మురిసిపోయాము.

తెల్లవారి మొదటి రైలుకు బయలుదేరాము. మేము వెళ్ళేసరికి స్నేహితులు వాణ్ణి ఆసుపత్రిలో చేర్చియున్నారు. డాక్టరుగారు ఓపిక గల మనిషి. మేము పల్లెటూరివారమని చూసి కాగితము మీద బొమ్మ గీసి చెప్పారు. కండరము శక్తికి మించి పని చేసినప్పుడు దానిలోని కణములు పగిలిపోతాయి. లోపలి సరుకు రక్తములోనికి కారుతుంది. అందులో మయోగ్లోబిన్ అనే ఒక మాంసకృత్తు ఉన్నది. అది మూత్రపిండములలో చేరి వాటిని పాడుచేస్తుంది. మూత్రము నల్లబడేది దానివల్లనే. ఈ జబ్బును రాబ్డోమయోలైసిస్ అంటారు. మాకు ఆ పేరు పలకడానికే రెండు రోజులు పట్టింది. 1941లో లండను మీద బాంబులు పడినప్పుడు కూలిన ఇండ్ల క్రింద చిక్కి బయటపడినవారు కొందరు తరువాత మూత్రపిండములు పనిచేయక చనిపోవడము చూసి బైవాటర్స్ అనే వైద్యుడు దీని సంగతి వ్రాశాడట. ఇంటి గోడ మీదపడిన మనిషికి వచ్చే జబ్బు, డబ్బు కట్టి చేరే క్లాసులో ఎలా వచ్చిందని మేము నోరు తెరిచాము.

రక్తములో సి.కె. అనే పరీక్ష చేస్తారు. సాధారణముగా అది రెండు వందల దరిదాపులలో ఉంటుంది. మా వాడికి నలభై వేలు దాటింది. అయిదు రోజులు పగలూ రాత్రీ సెలైను ఎక్కించారు. మేము మంచము ప్రక్కన కూర్చొని వాడి మూత్రము రంగు చూస్తూ కాలము గడిపాము. నలుపు నుండి ఎరుపు, ఎరుపు నుండి పసుపు. మూడవ దినము ఉదయము సీసాలో పసుపు రంగు కనబడినప్పుడు మేమిద్దరము వరండాలోకి వెళ్ళి ఏడ్చాము. డయాలసిస్ వరకు పోకుండా ప్రభువు కాపాడాడు.

ఇది జిమ్ములకు తెలియని సంగతి కాదు. అమెరికాలో 2000లో మొదలైన క్రాస్‌ఫిట్ అనే సంస్థ ఒలింపిక్ వెయిట్ లిఫ్టింగు, జిమ్నాస్టిక్స్, పరుగు కలిపి సామాన్యులకు క్లాసులుగా నేర్పింది. ఆ సంస్థ పెట్టిన గ్లాస్‌మన్ 2005లోనే తమ పత్రికలో ఈ జబ్బును గూర్చి హెచ్చరిస్తూ వ్యాసము వ్రాశాడు. అప్పటికి మా వాడు ఇంకా బడి మొగము చూడలేదు. ఇరవై ఏండ్ల నాటి హెచ్చరిక మా వాడికి ఆ రోజు ఎవ్వరూ చెప్పలేదు.

వాణ్ణి ఇంటికి తీసుకొని వచ్చాము. ఇక్కడ మా ఇంటి తాతను గూర్చి చెప్పాలి. తాత జమ్మికుంట మార్కెట్టులో ముప్పై ఎనిమిదేండ్లు హమాలి పని చేసిన మనిషి. పత్తి, వడ్లు, పల్లికాయ, ఏ బస్తా వచ్చినా ఆయన వీపు మీదనే పోయింది. ఆ బస్తాలే మాలో ఒకరిని చదివించి పంతులును చేశాయి. ఇప్పుడు ఎనభై దగ్గర పడ్డాడు. మోకాళ్ళు అరిగిపోయాయి. లేవాలంటే గోడ పట్టుకోవాలి. చేతి కర్ర లేకుండా గుడి మెట్లు ఎక్కలేడు.

పడుకొని విసుగు పుట్టి మనుమడు తాతకు సెల్‌ఫోనులో పోటీ ఒకటి చూపించాడు. హైరాక్స్ అంటారు. జర్మనీలో హాంబర్గు నగరములో 2017లో మొదలైంది. దానిని స్థాపించిన ఇద్దరిలో మోరిట్స్ ఫ్యూర్స్టె అనేవాడు హాకీ ఆటగాడు, 2008లోను 2012లోను జర్మనీ జట్టుతో ఒలింపిక్ బంగారు పతకములు గెలిచినవాడు. ఎనిమిది సార్లు కిలోమీటరు చొప్పున పరుగెత్తాలి. ప్రతి కిలోమీటరుకు నడుమ ఒక బరువు పని. వాటిలో ఒకటి పేరు రైతు మోత. మగవారు చేతికి 24 కిలోల చొప్పున, ఆడవారు 16 కిలోల చొప్పున రెండు చేతులలో బరువులు పట్టుకొని 200 మీటర్లు నడవాలి. మరొకటి మగవారు 20 కిలోల, ఆడవారు 10 కిలోల ఇసుక సంచి భుజాన వేసుకొని 100 మీటర్లు మోకాళ్ళు వంచుతూ పోవడము. మన దేశములోను 2025 మే నెలలో ముంబాయిలో ఈ పోటీ జరిగింది. మా వాడు వెళ్ళిన క్లాసు దీనికి నకలు.

తాత చాలాసేపు చూశాడు. "గిదేంది బిడ్డా, పైసలు గట్టి సంచులు మోసుడా? నాకైతే మోసినందుకు పైసలిచ్చిండ్రు" అన్నాడు.

ఇంటిల్లిపాది నవ్వాము. ఆసుపత్రి నుండి వచ్చిన తరువాత అదే మొదటి నవ్వు. కానీ తాత నవ్వలేదు. ఫోను మనుమడికి ఇచ్చి, "నిన్ను మొదటి దినమే వంద ఎత్తమన్నదెవడు?" అని అడిగాడు.

అప్పుడు ఆయన చెప్పిన సంగతి మేము ఇన్నేండ్లు ఒకే ఇంట్లో ఉండీ ఎన్నడూ వినలేదు. ఆయన మాటలలోనే ఇస్తాము.

"నేను మార్కెట్ల జేరిన్నాడు బస్తా ముట్టనియ్యలే. మా మేస్త్రి నెల రోజులు గోనె సంచులు దులిపిచ్చిండు, కుట్టిపిచ్చిండు. ఇంకో నెల బస్తా కొనకు చెయ్యి ఏసుడే. గటెన్క ఇద్దరం పట్టి ఎత్తుడు. ఒక్కని వీపు మీద క్వింటాలు బస్తా ఏసింది సంక్రాంతి పోయినంకనే. నాతోని వచ్చిన పిలగాడొకడు రోషానికి పోయి మొదటి వారమే ఎత్తిండు. నడుము పట్టేసింది. మల్ల మార్కెట్‌కు రాలే."

ఈ మాటను డాక్టరుగారి మాటతో పోల్చి చూసుకున్నాము. అలవాటు లేని కండరమునకు మొదట కొంచెము పని ఇచ్చి, అది కోలుకున్న తరువాత మరల ఇస్తే, అదే బరువుకు రెండవసారి అంత దెబ్బ తినదు, ఆ కాపుదల కొన్ని వారాలు నిలుస్తుంది అని ఆయన చెప్పారు. శాస్త్రజ్ఞులు పరీక్షలు చేసి తెలుసుకున్నది మార్కెట్టు మేస్త్రి సంచులు కుట్టించి అమలు చేశాడు. చదువుకున్న మేము మాత్రము బోర్డు మీద పేరు చూసి మురిసిపోయాము.

ఆ క్లాసులవారు పెద్ద క్రీడాకారుల పేరు చెప్పుకుంటారు గదా, ఆ పెద్ద క్రీడాకారులు ఏమి చేశారో చూద్దామని మేము కొంత చదివాము. కరణం మల్లీశ్వరిది శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట. చిన్నతనములోనే నీలంశెట్టి అప్పన్న అనే గురువు దగ్గర చేరింది. 1994లోను 1995లోను ప్రపంచ విజేత అయింది. 2000 సెప్టెంబరులో సిడ్నీలో ఒక ఎత్తులో 110 కిలోలు, రెండవ ఎత్తులో 130 కిలోలు, మొత్తము 240 కిలోలు ఎత్తి కంచు పతకము తెచ్చింది. ఒలింపిక్స్‌లో పతకము గెలిచిన మొదటి భారత స్త్రీ ఆమెయే. అప్పటికి ఆమెకు ఇరవై అయిదేండ్లు. మా వాడి వయస్సే. చివరి ప్రయత్నములో 137.5 కిలోలకు పోయి ఎత్తలేక దించివేసింది. అంతటి మనిషి కూడా, చేతకాని బరువును దించివేసింది.

దూరమెందుకు, మన ప్రక్క వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి జీవాంజి దీప్తి ఉన్నది. పుట్టుకతో మేధోపరమైన లోపము ఉన్నదని ఊరివారు ఎగతాళి చేసిన పిల్ల. బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడు ఆమె పరుగు గమనించాడు, తరువాత నాగపురి రమేష్ అనే కోచ్ శిక్షణ ఇచ్చాడు. 2024 మే నెలలో జపానులోని కోబెలో 400 మీటర్లు 55.07 సెకండ్లలో పరుగెత్తి తన విభాగములో ప్రపంచ రికార్డు నెలకొల్పింది. సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో కంచు పతకము గెలిచింది. మేము టి.వి.లో చూసినది ఆ యాభై అయిదు సెకండ్లే. వాటి వెనుకనున్న తెల్లవారుజాములు, నెమ్మదిగా పరుగెత్తిన దినములు, పడుకొని విశ్రాంతి తీసుకున్న దినములు ఎవరు చూపిస్తారు? క్లాసు పెట్టినవారు ఆ ఆఖరు దినము తీసుకొచ్చి మా వాడి మొదటి దినము మీద పెట్టారు. మా కోపమంతా ఇదే. వ్యాయామము మీద మాకు కోపము లేదు.

ఉండకూడదు కూడా, ఎందుకంటే జిమ్ము క్లాసులతో క్రైస్తవులకు పాత సంబంధమే ఉన్నది. 1844లో లండనులో మొదలైన వై.ఎం.సి.ఎ.వారు యువకుల కొరకు వ్యాయామశాలలు నడిపారు. అమెరికాలో స్ప్రింగ్‌ఫీల్డు అనే ఊరిలోని వారి శిక్షణశాలలో 1891 చలికాలమున, కసరత్తులు చేసి చేసి విసిగిన విద్యార్థుల క్లాసు కొరకు నేస్మిత్ అనే ఉపాధ్యాయుడు బాస్కెట్‌బాల్ కనిపెట్టాడు. 1936కు అది ఒలింపిక్ ఆట అయింది. ఇప్పుడు ఒలింపిక్స్ నుండి ఆటలు జిమ్ముకు వస్తున్నాయి, అప్పుడు జిమ్ము నుండే ఒలింపిక్స్‌కు వెళ్ళాయన్నమాట. మాకు ఇంకా నచ్చినది వాలీబాల్ కథ. 1895లో హోల్యోక్ పట్టణపు వై.ఎం.సి.ఎ.లో మోర్గన్ అనే ఆయన క్లాసుకు నడివయస్సు వ్యాపారస్థులు వచ్చేవారు. బాస్కెట్‌బాల్ వారికి ఆయాసము. ఆయన వారిని తిట్టలేదు, చప్పట్లు కొట్టి ఉరికించలేదు. ఆటనే మార్చాడు. టెన్నిస్ వలను ఆరడుగుల ఆరంగుళాల ఎత్తున కట్టి, ఒకరినొకరు ఢీకొట్టుకోని ఆట తయారుచేశాడు. మన ఊళ్ళలో ప్రతి బడి వెనుక, మా చర్చి ఆవరణలో సాయంత్రము పిల్లలు ఆడే ఆట అదే. మన మద్రాసులో 1920లో హ్యారీ క్రో బక్ అనే ఆయన వై.ఎం.సి.ఎ. వ్యాయామ విద్యాశాలను స్థాపించాడు. 1924 పారిస్ ఒలింపిక్స్‌కు భారత జట్టు వెంట మేనేజరుగా వెళ్ళినది ఆయనే.

పౌలు కొరింథువారికి వ్రాసిన మొదటి పత్రికలో పరుగును గూర్చి, గుద్దులాటను గూర్చి చెప్పడము మనకు తెలుసు. ఆ పట్టణము ప్రక్కనే రెండేండ్లకొకసారి ఇస్త్మియా పోటీలు జరిగేవి గనుక వినేవారికి అది బాగా అర్థమై ఉంటుంది. అక్కడ ఆయన పందెగాని గెలుపుతోపాటు వాడి మితమును గూర్చి కూడా చెప్పాడు. ఈ భాగము మీద ఎన్నో ప్రసంగాలు విన్నాము గాని, మాకు ఆ మాట తగిలినది మాత్రము ఆసుపత్రి వరండాలో.

తాతను మరీ పొగిడి వదలివేయడము కూడా న్యాయము కాదు. ఒక రాత్రి మనుమడు, "మరి అంత జాగ్రత్తగ నేర్పితే నీ మోకాళ్ళు ఎందుకు పోయినయ్ తాతా?" అని అడిగాడు. మేము వద్దని సైగ చేశాము. తాత బాధపడలేదు. "మొదలు పెట్టుడు మేస్త్రి నేర్పిండు గని, ఆపుడు ఎవలు నేర్పలే. సీజన్ల తెల్లారక ముందు పోతే రాత్రి పదింటికి ఇల్లు. నొప్పున్నా మోసుడే. మోయకపోతే మీ బాపు బడి ఫీజు ఎవలు కడ్తరు?" అన్నాడు. మాలో పంతులైనవారు లేచి బయటికి వెళ్ళిపోయారు.

ఒక మనిషి మోయదగిన బరువు 55 కిలోలు దాటకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో సిఫారసు చేసింది. ఆ ఏడు, ఆ తరువాత ఎన్నో ఏండ్లు, తాత వీపు మీద క్వింటాలు ఉన్నది. మల్లీశ్వరికి కోచ్, తిండి, విశ్రాంతి ఉన్నవి. జిమ్ముకు పోయేవాడికి ఆగే స్వేచ్ఛ ఉన్నది, ఒప్పుకుంటే. హమాలికి ఇవేవీ లేవు. బరువు ఒక్కటే అందరికీ సమానము. జిమ్ములో చెప్పే రహస్యములు, అనగా నడుము వంచక తొడలతో లేవాలి, బరువును ఒంటికి దగ్గరగా పట్టుకోవాలి, రెండు కష్టపు దినముల మధ్య ఒక తేలిక దినము ఉండాలి అనేవి మార్కెట్టు యార్డులో హమాలీలకు ఎవరైనా వచ్చి చెబితే ఎంత బాగుండునో. వాటి అవసరము వారికే ఎక్కువ.

మా సంగతికి వస్తే, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సలహా ప్రకారము పెద్దవారు వారమునకు 150 నుండి 300 నిమిషములు వేగముగా నడవడము వంటి వ్యాయామము చేయాలి, రెండు దినములైనా కండరములకు పని చెప్పాలి. మేమిద్దరము పది నిమిషాలతో మొదలుపెట్టాము. తాత గేటు దగ్గర కుర్చీ వేసుకొని లెక్క చూసేవాడు. మూడవ వారము ఉత్సాహము కొద్దీ రైల్వే గేటు దాకా పోయి వస్తే, ఎవరు పొమ్మన్నారని ఇద్దరినీ కోప్పడ్డాడు.

పెద్దవాడు రెండు నెలలు ఏమీ ఎత్తలేదు. పరీక్షలన్నీ మామూలుగా వచ్చిన తరువాత, 2025 జనవరిలో మరల జిమ్ముకు పోతానన్నాడు. మాకు గుండెలలో రాయి పడింది. వద్దని చెప్పే నోరు లేదు, పొమ్మని చెప్పే ధైర్యము లేదు. డాక్టరుగారు మాత్రము, పోనివ్వండి, నిదానముగా, దాహము వేయకముందే నీరు త్రాగుతూ, ఎండపూట కాకుండా, అన్నారు. ఈసారి వేరే చోట చేరాడు. అక్కడి కోచ్ చిన్నప్పుడు వెయిట్ లిఫ్టింగు నేర్చినవాడట. మొదటి మూడు వారాలు మా వాడి చేతికి ఇనుము ఇవ్వలేదు. నీళ్ళ పైపు లాంటి ప్లాస్టిక్ గొట్టము ఇచ్చి, కూర్చోవడము, లేవడము, నిలుచోవడము నేర్పాడు. ఈ సంగతి ఫోనులో చెప్పగానే తాత, "గా మేస్త్రి మంచోడు" అన్నాడు.

మే నెలలో సెలవు పెట్టి వచ్చాడు. ఎండలు మండిపోతున్నవి. ఒక సాయంత్రము నీళ్ళు అయిపోతే ప్లాంటు నుండి ఇరవై లీటర్ల క్యాన్లు తేవడానికి బయలుదేరి, రెండు చేతులకు రెండు ఖాళీ క్యాన్లు తీసుకున్నాడు. తాత గేటు దగ్గర కర్ర అడ్డము పెట్టాడు.

"ఒక్కటి తే. ఇంకోటి మల్ల తేవచ్చు."

"తాతా, నేను మొదలువెట్టి నాలుగు నెలలైంది."

"చేతులు చూపెట్టు."

వాడు క్యాన్లు క్రింద పెట్టి అరచేతులు చాపాడు. తాత వాటిని దగ్గరకు తీసుకొని, వ్రేళ్ళ మొదళ్ళలో కాచిన కాయలను బొటనవ్రేలితో ఒక్కొక్కటే నొక్కి చూశాడు. తరువాత కర్ర తీశాడు.